వేలు పెట్టి చూపించమన్నారు

మా మరిది ఊరికి నీళ్ళిచ్చే మనిషి. మరిదంటే మా చెల్లెలి మొగుడు. సిటీ పంపుహౌసులో మోటారు ఆపరేటరు. తెల్లవారుతూనే మోటారు వెయ్యడం, పెద్ద ట్యాంకు నిండాక ఆపడం, ఆ మీదట సైకిలెక్కి వీధి వీధికీ పోయి వంతుల ప్రకారం వాల్వులు తిప్పడం ఆయన పని. మీసాలు రాని వయసులో చేరాడు, ఉన్న జుట్టు నెరిసి ఊడేదాకా అదే పని చేశాడు. ఊళ్ళో ఆయన పేరు ఎవరికీ తెలియదు. చిన్నా పెద్దా అందరికీ ‘నీళ్ళాయనే’.

మనిషి సన్నం. మాట ఇంకా సన్నం. నేను నాలుగు మాటలంటే ఆయన ఒక మాటలో సగం అనేవాడు, మిగతా సగం మింగేసేవాడు. పెళ్ళయిన కొత్తలో మా చెల్లెలు నా దగ్గరికొచ్చి ముక్కు చీదింది.

“అక్కా, ఈయన నాతో కంటే మోటారుతోనే ఎక్కువ మాట్లాడుతున్నాడే!”

“మోటారు ఎదురు చెప్పదు గదే. నువ్వు కూడా రెండ్రోజులు అట్లా ఉండి చూడు.”

“రెండ్రోజులా! నా వల్ల కాదు,” అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. అంతటితో ఆ కేసు కొట్టేశాం.

వాళ్ళ కాపురమంతా క్వార్టరులోనే. పంపుహౌసు వెనక గోడకు ఆనించి కట్టిన రెండు గదులు. మోటారు తిరుగుతున్నంతసేపూ అరల్లో గిన్నెలు సన్నగా మోగుతుండేవి. కొత్తవాళ్ళెవరైనా ఆ ఇంట్లో కూర్చుంటే కాసేపటికే తల దిమ్మెక్కి లేచిపోయేవాళ్ళు. ఈయన మాత్రం అన్నం తింటూ తింటూ ముద్ద నోటి దగ్గర ఆపి చెవి రిక్కించేవాడు. మోత కొంచెం మారిందా, కంచం వదిలేసి పరుగు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఏడ్చేదీ ఉలిక్కిపడేదీ ఆ మోటారొక్కటే అనేది మా చెల్లెలు. ఎవరైనా జాలిగా చూస్తే మాత్రం మూతి మీద కొట్టినట్టు మాట్లాడేది.

నాది సిటీ ఆఫీసు గేటుకెదురుగా ఇస్త్రీ కొట్టు. మేయరు గారి కాలరు దగ్గర్నుంచి అటెండరు జేబు దాకా నేను చూడని మడత లేదు. చొక్కా తెచ్చినవాళ్ళు ఊరికే నిలబడరు, ఏదో ఒకటి వాగుతారు. అందుకని ఆ ఆఫీసు గుట్టంతా నాకు తెలుసనుకునేదాన్ని. ఏమీ తెలియదని మా మరిది ఉద్యోగం దిగిపోయిన ఏడాది తెలిసింది.

ఆఫీసులో లెక్కల గుమాస్తా ఒకాయన ఉన్నాడు. ఎవరు ఏ బిల్లు పట్టుకెళ్ళినా “రేపు రండి” అనడం ఆయనకు ఊపిరి తీసుకోవడంలాంటిది. ఊరంతా ఆయన్ను ‘రేపురండి’ అనే పిలిచేది. ఆయన పెళ్ళాం కూడా అట్లాగే పిలుస్తుందని చెప్పుకునేవాళ్ళు. ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. లెక్కల ఏడాది ఆఖర్లో బిల్లులు తీసుకోరు. బల్బులు అమ్మినవాడు, మందులు ఇచ్చినవాడు, డీజిలు పోసినవాడు, ఎవరొచ్చినా కిటికీ మూసి ఉంటుంది. బిల్లు తీసుకోకపోతే ఖర్చు రాయక్కర్లేదు. ఖర్చు రాయకపోతే డబ్బు మిగిలినట్టే. ఏడాది మారిన మర్నాడు కిటికీ తెరుస్తారు, కొత్త డబ్బుతో పాత బిల్లులు కడతారు. మొదట్లో ఆఖరి వారం మూసేవాళ్ళు. ఆ తర్వాత ఆఖరి నెల. మా మరిది దిగిపోయే నాటికి వానలు వెళ్ళిపోయాక ఇచ్చిన బిల్లు ఏదీ ముట్టుకోవడం లేదు.

ఏటా ఆ మిగులుకు సభ పెట్టేవాళ్ళు. బజారు మధ్యలో రంగు దీపాల ఫౌంటెను ఉంది కదా, దాని పక్కనే వేదిక. మేయరు మైకు పట్టుకుని, “ఒక్క పన్ను పెంచలేదు! అయినా మన ఖజానాలో మిగులు!” అనేవాడు. చప్పట్లు మోగేవి. నేనూ కొట్టాను చప్పట్లు, ఎందుకు కొట్టను? పన్ను పెంచనివాడు ఎవరికి చేదు? ఆ చొక్కా ఇస్త్రీ చేసింది కూడా నేనే. మా ఇంట్లో నెలాఖరున పొయ్యి వెలిగించడం మానేసి, బియ్యం మిగిలాయని పక్కింటివాళ్ళను పిలిచి చూపిస్తే పిచ్చిదానినంటారు. మైకు పట్టుకుని చెబితే మేయరంటారు.

సరే, మా మరిది రిటైరయ్యాడు. రిటైరయితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బస్సుల షెడ్డు వెనక సందులో మా చెల్లెలు ఒక ఇల్లు చూసి పెట్టుకుంది. రెండు గదులు, వెనక చిన్న పంచ. అమ్మే ఆయన మంచివాడే గాని ఎన్నాళ్ళని ఆగుతాడు? డబ్బు మాత్రం రాకుండా పోదనే అందరి నమ్మకం. నెల నెలా మా మరిది జీతంలోంచి రిటైర్మెంటుకని కొంత కోసుకునేవాళ్ళు. అంతకు అంత ఆఫీసు వేసి బ్యాంకులో పెట్టాలి. మా చెల్లెలు చీర కొనమన్నప్పుడల్లా ఆయన, “కోత పోగా ఏముందే,” అనేవాడు. ఆ కోత ఇప్పుడు ఇల్లయి వస్తుందని దాని ఆశ.

డబ్బు అడగడానికి ఆయనొక్కడే పోతే నోరు పెగలదని నేను వెంట వెళ్ళాను. కిటికీ దగ్గర రేపురండి కూర్చుని ఉన్నాడు.

“నీ పేరు మీద ఉందయ్యా,” అన్నాడు మా మరిదితో.

“ఎంతుంది సార్?”

“పేరుంది.”

“డబ్బు?”

“ఉండాల్సింది చాలా ఉంది.”

“ఉన్నది?”

రేపురండి పైకి చూశాడు, కిందికి చూశాడు, ఫ్యాను వైపు చూశాడు. “రేపు రండి.”

నాకు ఒళ్ళు మండింది. “ఏమయ్యా, నువ్విచ్చిన నీలం చొక్కా నా దగ్గరే ఉంది. దానిక్కూడా రేపు రమ్మని చెబుతా, ఎల్లుండీ రమ్మని చెబుతా. బనీనుతో కూర్చుని రాసుకో లెక్కలు.”

ఆయన అటూ ఇటూ చూసి కిటికీ లోంచి తల బయటికి పెట్టాడు. గొంతు తగ్గించి చెప్పాడు. ఆ కోసిన డబ్బు ఏనాడూ బ్యాంకుకు పోలేదట. ఏ నెలకు ఆ నెల జీతాలకూ డీజిలుకూ ఫౌంటెను కరెంటుకూ వాడేసుకున్నారట.

“ఈయనొక్కడిదేనా?” అన్నాను.

“అందరిదీ. చెత్త ఎత్తేవాళ్ళది, డ్రైవర్లది, గుమాస్తాలది. నాది కూడానమ్మా. కోత రాసిందీ నేనే, తీసి ఖర్చులో వేసిందీ నేనే.”

తన జేబు తనే కత్తిరించుకుని పైగా బొత్తాం పెట్టుకుంటున్నవాణ్ణి ఏమని తిట్టను? మా మరిది కిటికీ ఊచ పట్టుకున్నాడు. “అయితే సార్, ఇన్నాళ్ళూ ఊరు నడిచింది నా డబ్బుతోనా?” అన్నాడు. ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. రేపురండి కిటికీ మూసేశాడు.

ఇంటికొచ్చి చెబితే మా చెల్లెలు గుమ్మంలోనే కూలబడింది. “చీర కొనమంటే కోత, తీర్థానికి పోదామంటే కోత. నా జీవితమంతా కోసుకున్నారు గదయ్యా!” అని ఒకటే ఏడుపు. ఆయన పక్కన కూర్చుని దాని వీపు నిమురుతూ, ఉన్నట్టుండి తల అటు తిప్పాడు. మోత మారింది. లేచి పోయాడు. రిటైరయ్యాడు కదా, మళ్ళీ మోటారు దగ్గర ఏం పనంటారా? ఆయన స్థానంలో ఎవర్నీ వెయ్యలేదు. కొత్తవాణ్ణి వేస్తే జీతం ఇవ్వాలి. “మరొకడు వచ్చేదాకా నువ్వే చూస్తుండవయ్యా, క్వార్టరులో ఉండనిస్తాం,” అన్నారు. జీతం లేదు. మా చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు ఈ మహానుభావుడు.

మా కొట్టు పై అంతస్తులో ఒక లాయరుంటాడు. అతని నల్లకోట్లు నేనే ఇస్త్రీ చేస్తాను. “కేసు నువ్వు వాదించు, కోట్లు బతికున్నన్నాళ్ళూ ఊరికే చేసిపెడతా,” అన్నాను. పెద్దగా వాదించే పని కూడా పడలేదు. ఆఫీసు తరఫు లాయరు కోర్టుకే రాలేదు. ఆయనకు పాత ఫీజులు బాకీ ఉన్నారట. జడ్జీ మా మరిది వైపు తీర్పు రాశాడు. డబ్బు కట్టకపోతే ఆఫీసు సామాను జప్తు చేసి, అమ్మి కట్టాలి.

జప్తులు చేసే కోర్టు ఉద్యోగిని అమీనా అంటారు. ఒక పొద్దున సంచీలో లక్కా సీలూ వేసుకుని వచ్చాడు. బక్కపలచని మనిషి, చొక్కా ఇస్త్రీ లేదు, నాకు అక్కడే సదభిప్రాయం పోయింది. ఆఫీసు మెట్ల మీద నిలబడి మా మరిదికి పద్ధతి చెప్పాడు.

“చూడు పెద్దాయనా, ఏది జప్తు చెయ్యాలో నేను చెప్పను. డబ్బు రావాల్సింది నీకు. నువ్వే స్వయంగా వేలు పెట్టి, ఇదీ వాళ్ళ ఆస్తి అని చూపించాలి. నువ్వు చూపించింది నేను రాసుకుంటా, సీలు వేస్తా. నోటితో చెబితే కుదరదు, వేలు పెట్టాలి.”

మా మరిది తన చూపుడువేలు తనే చూసుకున్నాడు. గోరు సందులో గ్రీజు ఉంది. ఒకరి మీద వేలెత్తి చూపడం ఆ జన్మలో ఎరగడు.

నేనే ముందుండి లోపలికి నడిపించాను. పెద్ద హాల్లో కుర్చీలు వరసగా ఉన్నాయి. ఆయన మొహమాటపడుతూ వేలు పెట్టాడు. ఆఫీసు మేనేజరు నవ్వుతూ, “అవి అద్దెవి,” అని కాగితం తీశాడు. ఫ్యాన్లు? కాంట్రాక్టరు బిగించాడు, డబ్బు ముట్టలేదు కాబట్టి ఇంకా అతనివే. కంప్యూటర్లు? అవీ అద్దెవే. బయట జీపు? డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, “నా బావమరిదిది, కిరాయికి తిప్పుతున్నాం,” అన్నాడు. ఇనప బీరువా వైపు వేలు పెడితే, దాని తలుపు మీద అప్పటికే లక్క ముద్ర ఉంది. డీజిలు పోసినవాడు మాకంటే ముందే వచ్చి జప్తు చేయించుకున్నాడట.

“ఇది నా సీలే,” అన్నాడు అమీనా, పాత చుట్టాన్ని చూసినట్టు.

బజారు మధ్య ఫౌంటెనుకు పోయాం. అది బ్యాంకుదట. కట్టడానికి అప్పు తెచ్చి, అప్పుకు దాన్నే తాకట్టు పెట్టారు. ఏటా చప్పట్లు కొట్టిన ఆ వేదిక బల్లలు? సభకు సభకూ టెంటు సామాను కొట్టు నుంచి వచ్చేవట. ఇంత పెద్ద ఊరు, ఇన్ని దీపాలు, ఇన్ని బోర్డులు. తనదని చెప్పుకోవడానికి ఒక ముక్కాలిపీట లేదు! అద్దె ఇంట్లో అద్దె బట్టలు కట్టుకుని, అద్దె అద్దంలో చూసుకుని మురిసిపోయినట్టుంది.

తిరిగొచ్చేసరికి మేయరు తన గదిలో ఉన్నాడు. నిండుగా నవ్వాడు.

“ఏమయ్యా నీళ్ళాయనా, దొరికిందా ఏమన్నా?”

“లేదు సార్.”

“ఎక్కడ దొరుకుతుంది? ఈ పదవిలో కూర్చున్నాక నాకే ఒక పెన్ను దొరకలేదు, ఇంటినుంచి తెచ్చుకున్నా. నువ్వు మంచివాడివి. ఊరి దాహం తీర్చినవాడివి. ఆ పుణ్యం ముందు ఈ డబ్బెంత?”

“పుణ్యం ఇస్తే ఇల్లమ్మే ఆయన పుచ్చుకుంటాడేమో కనుక్కుని చెబుతాం సార్,” అన్నాను నేను. “ఇంతకీ తమరు ఏటా మిగిలింది మిగిలిందనేవారే, అదెక్కడ పెట్టారో కాస్త చూపిస్తే మా మరిది వేలు పెడతాడు.”

మేయరు నవ్వు ఆగింది. “ఇస్త్రీ చేసుకునేదానివి ఇస్త్రీ చేసుకో!”

“చేశాను సార్ ఇన్నాళ్ళూ. ముడతలన్నీ పోయాక లోపల బట్టే లేదని ఇప్పుడు తెలిసింది.”

అమీనా సంచీ సర్దుకోబోయాడు. ఏమీ దొరకలేదని రాసుకుని పోతానన్నాడు. మా మరిది అప్పటిదాకా నేల చూస్తున్నవాడు, “ఇంకొకటుంది,” అన్నాడు. అని, ఎవరికోసమూ ఆగకుండా బయటికి నడిచాడు. ఆయన వెనక అమీనా, అమీనా వెనక నేను, నా వెనక మేనేజరు. ఎక్కడికి పోతున్నాడో వీధి మలుపు తిరిగేదాకా నాకు తట్టలేదు. తట్టగానే అడుగులు పెంచాను.

పంపుహౌసులో మోటారు తిరుగుతోంది. పొద్దున్నే తుడిచాడేమో, పచ్చరంగు నిగనిగలాడుతోంది. ఆయన దాని పక్కన నిలబడి చేయి చాచాడు. వేలు దాని మీద పెట్టాడు.

“ఇది,” అన్నాడు.

మేనేజరు మొహాన నెత్తురు చుక్క లేదు. అమీనా అడిగాడు, “ఇది సిటీదేనా? అద్దెదా, తాకట్టుదా?”

“సిటీదే. పాతది కదా, దీన్ని ఎవరూ తాకట్టు పట్టుకోలేదు.”

“సీలు వేస్తే ఊరికి నీళ్ళుండవు. తెలుసుగా?”

“నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది బాబూ?”

నేను ఆయన రెక్క పట్టుకున్నాను. “మరిదీ, నీకేమన్నా మతి పోయిందా? ఊరు ఊరంతా...”

“వదినా,” అన్నాడు. ఆయన నా మాటకు అడ్డు రావడం అదే మొదలు. “నేను పోయి ఎవరి దగ్గర నిలబడాలి చెప్పు. ఆమెను ఏ చెట్టు కింద కూర్చోబెట్టను?”

ఆయనే పోయి మోటారు ఆపాడు. అమీనా ఆపబోతే, “నీకు తెలియదు, ఒక్కసారిగా ఆపకూడదు,” అని మెల్లిగా ఆపాడు. స్టార్టరు పెట్టెకు లక్క సీలు పడింది. గోడ అవతల మా చెల్లెలి అరల్లో గిన్నెలు మోగడం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి అది బెదిరిపోయి బయటికి పరిగెత్తుకొచ్చింది.

ట్యాంకులో ఉన్న నీళ్ళు మర్నాటికి అయిపోయాయి. ఆ తర్వాత చూడాలి. ఇన్నాళ్ళూ నీళ్ళాయనా నీళ్ళాయనా అని పలకరించినవాళ్ళంతా క్వార్టరు ముందుకొచ్చి, ఆ మనిషి కడుపున పుట్టనివాళ్ళను కూడా తిట్టారు. ఒక్కడంటే ఒక్కడు సిటీ ఆఫీసుకు పోలేదు! నాకు అదే పెద్ద ఆశ్చర్యం. డబ్బు ఎగ్గొట్టినవాడి గుమ్మం తొక్కరు, ఎగ్గొట్టించుకున్నవాడి గుమ్మం ముందు గుంపు. మా ఎదురింటి బేకరీ ఆయన అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు.

“ఏమయ్యా,” అన్నాను, “నీళ్ళ పన్ను కట్టి ఎన్నాళ్ళయింది నువ్వు?”

“బిల్లు ఇచ్చేవాడు వస్తే కదా కట్టడానికి! ఏళ్ళయింది, ఒక్కడూ రాలేదు.”

ఇదేమిటని ఆరా తీశాను. నిజమే. పన్ను వసూలు చేసేవాళ్ళకు జీతాలు దండగని, ఖర్చు తగ్గించడానికి ఆ ఉద్యోగాలే తీసేశారట! అట్లా తీసేసినందుకు ఒక ఏడాది మిగులు బాగా కనిపించిందట. ఇస్త్రీపెట్టె అమ్మేసి కరెంటు మిగుల్చుకోవాలని నాకెందుకు తోచలేదో!

రెండో పూట నుంచి బేకరీ మూతపడింది. ఆసుపత్రికి ట్యాంకరు తెప్పించారు. మేయరు ఉండే వీధిలో చెట్లకు పోసే నీళ్ళు లేక, ఆయన భార్య పుట్టింటికి పోయింది. నా కొట్టులో బట్టల మీద చిలకరించడానికి గుక్కెడు నీళ్ళు లేవు. నిజం చెప్పొద్దూ, మా మరిది మీద నాకూ కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు నా మీద నాకే కంపరం పుట్టింది.

ఆ సాయంత్రమే చెక్కు వచ్చింది. మొత్తం డబ్బు! రేపురండి స్వయంగా మోసుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి “ఇవాళే తీసుకోండి” అన్నాడు. లేదు లేదన్న డబ్బు ఎట్లా వచ్చిందని నేను నోరు తెరవబోతే, మా చెల్లెలు నా నోరు మూసింది. “అడగకక్కా. అడిగితే వెనక్కి తీసుకుంటారు.” అమీనా వచ్చి సీలు పగలగొట్టాడు. మా మరిది మోటారు మీద చేయి వేసి నిలబడి, దాన్ని వేశాక కానీ లోపలికి రాలేదు.

ఇల్లు కొన్నారు. బస్సుల షెడ్డు వెనక సందులో కాపురం పెట్టారు. మోటారుకు ఎవరో కుర్రాణ్ణి కూలికి పెట్టారు. కొత్త ఇంట్లో మా మరిదికి నిద్ర పట్టేది కాదట. “ఇల్లు కదలడం లేదేమిటి?” అనేవాడట పెళ్ళాంతో. అది మాత్రం ప్రతి పూటా పంచ తుడుచుకుని, వచ్చినవాళ్ళకల్లా గోడ తట్టి చూపించేది. “మాదే. అద్దెది కాదు, తాకట్టుది కాదు.”

నెల తిరిగింది. బజార్లో చెత్త అట్లాగే ఉంది. ఊడ్చేవాళ్ళు రాలేదు. పేడ పురుగులంతేసి ఈగలు. రేపురండి చొక్కాల మూట తెస్తే, “ఏమిటయ్యా ఈ కంపు?” అన్నాను.

“వాళ్ళకు జీతాలు పడలేదమ్మా.”

“ఎందుకు పడలేదు?”

ఆయన మూట కింద పెట్టాడు. “ఇంకా తెలియలేదా? పెట్టెలో ఆ నెలకు ఉన్నది వాళ్ళ జీతాల డబ్బే. నీళ్ళు ఆగిపోయాయని తీసి మీ మరిదికి ఇచ్చారు. ఉన్న డబ్బు ఒకటే. ఎవరు ఊరిని ఎక్కువ ఇబ్బంది పెడితే వాళ్ళవైపు పోతుంది. ఇప్పుడు కంపు బాగా లేచిందనుకో, ఇంకెవరిదో తీసి వాళ్ళకిస్తాం.”

నా చేతిలో ఇస్త్రీపెట్టె అట్లాగే ఉండిపోయింది. కింద చొక్కా మాడిన వాసన వస్తే కానీ తేరుకోలేదు. మేయరుదే, మంచి చొక్కా. కొట్టు వదిలేసి మా చెల్లెలింటికి పరిగెత్తాను. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. చెప్పే అవసరం లేకపోయింది. సందు మొదట్లోనే ఊడ్చేవాళ్ళంతా గుంపుగా వస్తూ కనిపించారు. ఆడవాళ్ళే ఎక్కువ. చీపుళ్ళు చేతుల్లోనే ఉన్నాయి. ముందు వాళ్ళ మేస్త్రమ్మ నడుస్తోంది. భారీ మనిషి, ఆమె గొంతెత్తితే లారీలు ఆగుతాయి.

నేను పెరటి దారిన లోపలికి దూరి సంగతి చెప్పేశాను. మా చెల్లెలు ముందు తలుపు గడియ పెట్టి దానికి వీపు ఆనించింది. “ఇల్లు నాది! ఎవరు అడిగినా ఇవ్వను!”

“వాళ్ళ జీతాలా?” అన్నాడు మా మరిది. “నాకు ఇచ్చింది వాళ్ళ జీతాలా వదినా?” మొహం చూస్తే మనిషి నిలువునా నీరైపోయాడు. మంచం మీద కూర్చుని తలపట్టుకున్నాడు. “ఇది కొన్న డబ్బు... వాళ్ళ పిల్లల...” ఎప్పటిలాగే మిగతాది మింగేశాడు.

తలుపు దడదడలాడింది.

“తియ్యకయ్యా,” అంది చెల్లెలు.

ఆయన లేచి, దాన్ని మెల్లిగా పక్కకు జరిపి, గడియ తీశాడు. గడప మీద నిలబడ్డాడు. కొడితే కొట్టించుకోవడానికే నిలబడ్డాడని నాకు అర్థమైంది. నేను ఆయన పక్కన నిలబడ్డాను. నోరుంది కదా, చీపురుకు చీపురు సరిపోతుంది.

మేస్త్రమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. “మా డబ్బుతో ఇల్లు కొన్నావంటగా అన్నా?”

“అవునమ్మా. ఇవాళే తెలిసింది.”

“ఇల్లు బాగుందే. పంచ కూడా ఉంది.”

“ఏమనమంటావమ్మా...”

“ఏమీ అనొద్దులే. నీదీ కోసే ఉంటారు మాలాగే.” నడుముకు దోపిన కాగితం తీసింది. “మా పాత బకాయిల కేసు మొన్న గెలిచాం. రేపు పొద్దున అమీనా వస్తాడంట. వేలు పెట్టి చూపించాలంట గదా? మేం ఆఫీసంతా తిరిగి చూశాం. అంతా అద్దె, అంతా తాకట్టు. నువ్వు చూపించి గెలిచినవాడివి. మాకేం చూపించమంటావు?”

అందరూ ఆయన మొహంలోకి చూస్తున్నారు. వెనక ఎవరిదో పసిపిల్ల ఏడుస్తుంటే తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టింది. మా మరిది ఏమంటాడో నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా నమ్మలేకపోయాను.

“మోటారే చూపించండి,” అన్నాడు. “ఇంకేమీ లేదు. నా సీలు పోయింది కాబట్టి అది మళ్ళీ సిటీదే. కొత్త కుర్రాడికి ఆపడం రాదు, పాడుచేస్తాడు. నేను వచ్చి ఆపుతా.”

“అయ్యో, మన ఇంటికి కూడా నీళ్ళు రావు గదయ్యా!” అంది మా చెల్లెలు.

“పట్టి పెట్టుకో,” అన్నాడు. “వదినా, నువ్వు కూడా.”

మేస్త్రమ్మ కాగితం మడిచి మళ్ళీ నడుముకు దోపుకుంది. నీళ్ళు తాగి వెళ్ళమని మా మరిది చెంబు అందించాడు. ఆమె సగం తాగి, మిగతాది వెనకవాళ్ళకిచ్చింది.

నేను ఇంటికి తిరిగొచ్చి బకెట్లూ బిందెలూ డ్రమ్ములూ, చివరికి టీ గ్లాసులు కూడా నింపి పెట్టుకున్నాను. నింపుకున్నాక ఊరికే ఉండలేక బేకరీ ఆయన గుమ్మంలోకి వెళ్ళి, “రేపు నీళ్ళు రావు, ఇప్పుడే పట్టుకో. ఈసారి తిట్టదలిస్తే ఆఫీసు దారి ఇటు,” అని వేలు పెట్టి చూపించాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, లోపలికి పరిగెత్తి కొళాయి తిప్పాడు.